పూజ కాదు, పూచీ

ఒక మతం పిల్లిని కొలిచిందా, తిట్టిందా అన్నది పైపై ప్రశ్న. ఆ పిల్లి విషయంలో మనిషికి ఏ పూచీ పెట్టిందన్నదే అసలు ప్రశ్న. పూజ దక్కినంత మాత్రాన ప్రాణికి రక్షణ దొరకదనడానికి ప్రాచీన ఈజిప్టే సాక్ష్యం. నైలు డెల్టాలోని బుబాస్టిస్‌లో పిల్లి రూపంలో కొలిచే బాస్తెట్ దేవతకు పెద్ద గుడి ఉండేది. పెంపుడు పిల్లి చచ్చిపోతే ఇంటిల్లిపాదీ కనుబొమ్మలు గొరిగించుకునేవారని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. పిల్లిని చంపిన రోమన్‌ను రాజోద్యోగులు అడ్డుపడినా వినక జనం చంపేశారని మరో గ్రీకు చరిత్రకారుడు డయోడోరస్ చెప్పాడు. కానీ ఆ నేల మీదే దేవతకు మొక్కు చెల్లించడానికి పిల్లుల మమ్మీలు అమ్ముడుపోయేవి. ఎక్స్‌రే తీసి చూస్తే వాటిలో ఎన్నో లేత వయసు పిల్లులు. కొన్నింటికి మెడ విరిచిన గుర్తులున్నాయి. ఆ పవిత్రతే వాటి ప్రాణం మీదికి తెచ్చింది.

మన దేశంలో పిల్లికి నిందా ఉంది, స్తుతీ ఉంది. మహాభారతం ఉద్యోగపర్వంలో ధర్మరాజును దెప్పడానికి దుర్యోధనుడు దొంగ తపసి పిల్లి కథ చెప్పి పంపుతాడు. మహాబలిపురం రాతిమీద ముందుకాళ్లు పైకెత్తి, వెనక కాళ్లపై నిలబడి తపస్సు చేస్తున్న పిల్లి, దాని చుట్టూ ఎలుకలు ఇప్పటికీ కనిపిస్తాయి. తెంగలై శ్రీవైష్ణవులకు మాత్రం కూనను నోట కరచుకుని తీసుకెళ్లే తల్లిపిల్లి భగవంతుడి కృపకు ఉపమానం. ఒకచోట కపటం, మరోచోట కరుణ. రెండుచోట్లా పిల్లి మనిషికి పాఠం చెప్పడానికే పనికొచ్చింది. దాని ఆకలి ఎవరూ ప్రస్తావించలేదు.

ఆ ప్రస్తావన ప్రవక్త ముహమ్మద్ మాటలను, చేతలను చెప్పే హదీసుల్లో సూటిగా ఉంది. పిల్లిని బంధించి, తిండి పెట్టక, దాని తిండి దాన్ని వెతుక్కోనివ్వక చంపిన స్త్రీ నరకానికి పోయిందని ఒక హదీసు. నమాజుకు ముందు చేసే శుద్ధి (వుజూ) కోసం తెచ్చిన నీటిని ప్రవక్త సహచరుడు అబూ ఖతాదా గిన్నె వంచి మరీ పిల్లికి తాగించాడని, అది అపవిత్రం కాదన్న ప్రవక్త మాటను గుర్తుచేశాడని మరొకటి. ముస్లిం సమాజాల్లో మాత్రం క్రూరత్వం లేదా అని అడగవచ్చు. నియమం పెట్టగానే క్రూరత్వం పోదు, నిజమే. కానీ తప్పు చేసినవాణ్ణి అతని మతం పేరుతోనే నిలదీసే వీలు దక్కుతుంది. ఈజిప్టులో పిల్లి మెడ విరిచినవాణ్ణి ఏ మాట పట్టుకుని నిలదీయాలి? భక్తి లేనిదే దయ పుట్టదని ఇంకొందరంటారు. మన గృహస్థధర్మంలోని భూతయజ్ఞమే వారికి జవాబు. అందులో కుక్కకూ కాకికీ పురుగుకూ అన్నం పెట్టమన్నది అవి దేవతలని కాదు, ఆకలిగొన్న ప్రాణులని. పిల్లి ఎదురైతే అపశకునమని ఆగిపోయేవారికీ ఈ ధర్మం వర్తిస్తుంది: నమ్మకం ఏదైనా, దాని ఆకలి తీర్చాల్సిన బాధ్యత తప్పదు.