వడ్ల పక్కన అడుగు

కార్తీక బహుళంలో ఒక ఆదివారం. బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే దాని తోక ఒక్కోసారి బళ్ళారి దాకా వస్తుంది. పెద్దవాన కురవదు. సన్నని ముసురు, చలిగాలి, ఎంతకీ తెల్లవారని ఆకాశం. ఏడాదంతా వాన కోసం మొగం పైకెత్తి చూసే ఊరికి వాన వద్దనిపించే రోజులు అవే.

కోటగుట్ట నీడలో రోజూ పొద్దున నడిచే మా బృందం ఆరోజు వనభోజనాలకు నిట్టూరు పోవాలనుకుంది. సిరుగుప్ప తాలూకాలో, తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరది. తెక్కలకోట దాకా బస్సు, అక్కణ్ణుంచి కాలినడక. అక్కడ బండమీద అశోకుడి శాసనముంది. దాన్ని చూసి, ఏదైనా చెట్టుకింద అన్నం తిని రావాలని లెక్క. వాన చూసి సగంమంది ఫోన్లలోనే జారుకున్నారు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మా మేష్ట్రు మాత్రం, "ఉత్థాన ఏకాదశి అయిపోయింది. సన్యాసులే మఠాలు దాటి బయల్దేరినారు, మనకేమప్పా అడ్డం?" అన్నారు. ఆషాఢంలో మొదలైన చాతుర్మాస్యం ముగిసిందన్న మాట. పదిమందిమి బయల్దేరాం.

బస్సు దిగిన చోట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నంతసేపు హుషారే. ఊరు దాటాక నల్లరేగడి మొదలైంది. రేగడి సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే వదలదు. నాలుగడుగులకు బూటు కిలో బరువైంది. ఆ ఖరీదైన బూట్లను చేతబట్టుకుని కొందరు వట్టికాళ్లతో నడిచారు. బ్యాంకులో పెద్ద హోదాలో చేసినాయన, కిరాణా అంగడాయన, నేను, అందరి కాళ్లూ మోకాళ్ల దాకా ఒకే రంగులోకి వచ్చాయి.

బురద తప్పించుకోవడానికి తారురోడ్డెక్కాం. రోడ్డుకు ఒకవైపు పొడవునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. తుంగభద్ర కాలువల కింద వరి కోతల కాలమది. వాహనాలకు దారిస్తూ పక్కకు జరిగినప్పుడు మా కాళ్లు వడ్ల అంచుమీద పడ్డాయి. ముందు ఒకరివి, ఆ అడుగుల వెంట అందరివీ. మెత్తగా తగిలింది. బురదకన్నా హాయిగానే ఉంది.

"సార్, అవి వడ్లు సార్."

కసురుకోలేదు ఆమె. తలమీద గోనెసంచి కప్పుకుని, చేతిలో పట్ట కొస పట్టుకుని నిలబడిన పెద్దావిడ. కొడుకూ కోడలూ వడ్లను కుప్పకు తోస్తున్నారు. కాళ్లు వెనక్కి తీసుకుని చూస్తే, మా బురద అడుగులు బంగారు రంగు వడ్లమీద నల్లగా అచ్చుపడి ఉన్నాయి. ఎవరికీ నోట మాట రాలేదు.

మేష్ట్రే ముందు సంచీ దించారు. వెనకే మేమూ. ఇద్దరు పారలు, ఇద్దరు చీపుళ్లు, మిగిలినవాళ్లం పట్టల కొసలు. గాలికి పట్ట లేచిపోకుండా రాళ్లు మోసి అంచులమీద పెట్టాం. అరగంట పట్టింది. పని చేస్తూనే ఆమె చెప్పింది: "మీకు వాన బాగుంటాది సార్, సల్లగా. మాకు ఈ రెండు దినాలు గడిస్తే సాలు." వడ్లు తడిస్తే రంగు మారతాయి, మొలకలొస్తాయి, తేమ ఉందని కొనేవాళ్లు ధర తగ్గిస్తారు. నాలుగు నెలల కష్టం రెండు రోజుల ముసురుకు లోకువైపోతుంది. అదే ముసురు గురించి తెల్లారిగట్ల మా బృందంలో ఒకరు, "వాతావరణం ఎంత బాగుందో!" అని ఫొటో పంపారు.

మళ్లీ నడక మొదలయ్యాక మేష్ట్రు చాతుర్మాస్యం సంగతే ఎత్తారు. పొద్దున నవ్వుతూ అన్న మాట ఇప్పుడు ఆయనకే గుచ్చుకున్నట్టుంది. వర్షాకాలంలో భిక్షువులు ఒకచోట ఉండిపోవాలన్న నియమం బౌద్ధంలో ఎలా వచ్చిందో వినయపిటకంలోని మహావగ్గ చెబుతుంది. మొదట్లో భిక్షువులు వానల్లో కూడా తిరిగేవారు. జనం విసుక్కున్నారు. పచ్చగడ్డి తొక్కుతున్నారు, చిన్న చిన్న జీవాలను చంపుతున్నారు, వానాకాలంలో పక్షులైనా గూళ్లు కట్టుకుని ఒకచోట ఉంటాయే అన్నారు. ఆ మాట బుద్ధుడి దాకా వెళ్లింది. ఆయన విన్నాడు. వర్షావాసం నియమమైంది.

ఈ కథలో నాకు నచ్చేది నియమం కన్నా అది పుట్టిన తీరు. నడక మానమని ఆకాశవాణి పలకలేదు. మామూలు మనుషులు తమకు తప్పనిపించింది చెప్పారు, జ్ఞాని తన శిష్యుల అడుగులు దిద్దాడు. మన సంప్రదాయంలోనూ, జైనంలోనూ వానాకాలంలో యతులు ఒకచోట నిలవడానికి ప్రాణిహింస తప్పించుకోవడం ఒక ముఖ్య కారణం. మేమేమో పంచాంగం చూసుకుని, గడువు ముగిసింది కదా అని బయల్దేరాం. ఏకాదశి దాటినా వాన వానే. ఎక్కడ అడుగు వేస్తున్నామో చూసుకోవడానికి తిథితో పనేముంది?

నిట్టూరు చేరేసరికి మధ్యాహ్నమైంది. తడిసిన బండమీద బ్రాహ్మీ అక్షరాలు. చదవడం మాలో ఎవరికీ రాదు. మేష్ట్రు చదివి తెలుసుకున్నది చెబుతుంటే చుట్టూ నిలబడి విన్నాం. దాదాపు 2,250 ఏళ్ల నాటి రాత అది. అశోకుడి శాసనాలు చాలావాటిలో రాజు బిరుదే తప్ప పేరు ఉండదు. పేరు కనిపించే కొద్ది చోట్లలో నిట్టూరు ఒకటి, ఇదే తాలూకాలోని ఉడెగోళం మరొకటి, పొరుగున రాయచూరు జిల్లా మస్కి ఇంకొకటి. 1953లో పాత బళ్ళారి జిల్లాను రెండు రాష్ట్రాలకు పంచినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకూ, బళ్ళారి, సిరుగుప్ప మైసూరుకూ పోయాయి. గీతకు అటుపక్క కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ, ఇటుపక్క నిట్టూరులోనూ బండలు మాత్రం ఒకే రాజు మాట చెబుతున్నాయి.

ఆ మాట సారం చిన్నదే. ఉపాసకుణ్ణయి రెండున్నరేళ్లు దాటింది, మొదట్లో గట్టిగా శ్రమించలేదు, తర్వాతే పట్టుదలగా ప్రయత్నించానని చక్రవర్తి ఒప్పుకుంటాడు. ఆ ప్రయత్నం ఫలం గొప్పవాళ్లకే దక్కేది కాదు, చిన్నవాడైనా శ్రమిస్తే అందుకోగలడు అంటాడు. ఈ శాసనపు పలు ప్రతుల్లో 256 అనే సంఖ్య ఉంది. యాత్రలో గడిచిన రాత్రుల లెక్క అదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. దారిలో ఉండి, దారిమీద నుంచే పలికిన మాట అన్నమాట.

ఎర్రగుడిలో పెద్ద శాసనాలు కూడా ఉన్నాయి. వాటిలో ఎనిమిదోది మా ఆదివారం గురించే రాసినట్టుంది. పూర్వం రాజులు విహారయాత్రలకు వెళ్లేవారట, వేట, వినోదాలు అందులో భాగం. అశోకుడు పట్టాభిషేకమైన పదో ఏట బోధివృక్షం దగ్గరకు వెళ్లాక అవి ధర్మయాత్రలయ్యాయి. ధర్మయాత్రలో చేయవలసినవి కూడా శాసనం చెబుతుంది. బ్రాహ్మణులనూ శ్రమణులనూ దర్శించడం, దానమివ్వడం, వృద్ధులను చూసి ఆదుకోవడం, ఆపైన జనపదంలోని జనాన్ని దర్శించడం, వాళ్లతో ధర్మం మాట్లాడటం. దేవుడికీ గురువుకీ వాడే దర్శనమనే మాటనే అక్కడ పల్లెజనానికీ వాడారు. మేము దర్శనానికి వచ్చింది బండను. గోనెసంచి కప్పుకున్న ఆమె మాకు దారిలో తగిలిన మనిషి మాత్రమే అనుకున్నాం.

నడక మా సీమకు కొత్త కాదు. ఏటా ఉగాదికి ముందు బళ్ళారి, రాయచూరు వైపు నుంచి వేలమంది నల్లమల దాటి శ్రీశైలానికి నడిచి వెళ్తారు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం పేరిట ఒక భాగమంతా ఆ కొండ యాత్రకే కేటాయించాడు. ఆ దారిలో ఊరూరా మజ్జిగ పోసేదీ, అన్నం పెట్టేదీ, బొబ్బలెక్కిన కాళ్లకు నూనె రాసేదీ పల్లెవాళ్లే. నడిచేవాణ్ణి మల్లయ్య బంధువుగా చూస్తారు. అంటే మా జిల్లాలో కాలినడకన బయల్దేరిన ప్రతివాడూ పల్లెకు ముందే బాకీ పడి ఉన్నాడు. ఆ మజ్జిగ తాగినవాళ్లు మా బృందంలోనూ ఉన్నారు. బాకీ తీర్చుకునే వేళ వచ్చేసరికి వడ్లు తొక్కారు.

వాన తగ్గకపోవడంతో చెట్టుకింద భోజనం కుదరలేదు. ఒక ఇంటి వసారాలో పులిహోర, పెరుగన్నం తిన్నాం. ఆ ఇంటివాళ్లు అడగకుండానే వేడి నీళ్లు కాచి ఇచ్చారు. కార్తీకంలో ఉసిరిచెట్టు నీడన తింటే పుణ్యమంటారు. ఆరోజు మాకు దొరికిన నీడ అది.

నేటి కాలంలో నడక బృందాలు ఊరూరా పెరిగాయి. చేతి గడియారం అడుగులు లెక్కపెడుతుంది, రాత్రికి సంఖ్య చూపిస్తుంది. ఆరోగ్యానికి మంచిదే. కానీ ఎన్ని అడుగులు వేశామో చెప్పే యంత్రం అవి దేనిమీద పడ్డాయో చెప్పదు. ఆ లెక్క ఎవరికి వారే చూసుకోవాలి. పడుకోబోయే ముందు ఒక్క నిమిషం చాలు: ఈరోజు నా నడక ఎవరి వడ్లమీదుగా సాగింది? ఎవరి కోసం ఒక్కసారైనా ఆగింది?

తిరుగుదారిలో చీకటి పడుతోంది. ముసురు అలాగే ఉంది. పెద్దావిడ కుప్ప దగ్గరకు వచ్చాం. పట్ట బిగువుగానే ఉంది, అంచులమీద మేము పెట్టిన రాళ్లు కదల్లేదు. అక్కడ మనుషులెవరూ లేరు. రోడ్డు ఖాళీగా ఉంది, వడ్ల కుప్ప పక్కన నడవడానికి చోటు కూడా ఉంది. అయినా ముందు నడుస్తున్న మేష్ట్రు రోడ్డు దిగి రేగడిలోకి అడుగుపెట్టారు. వెనక ఒకరి తర్వాత ఒకరం దిగాం. కాళ్లు మళ్లీ బరువెక్కాయి. ఈసారి ఎవరూ సణగలేదు.