నూటికి రెండు పాళ్లు

వర్తకుడు సమాజమునకు ఋణపడియున్నాడా? ఉన్నచో ఆ ఋణమును దేనితో తీర్పవలెను? మన దేశమున ఈ ప్రశ్నకు శాసనమే ఒక లెక్క చూపినది. 2013వ సంవత్సరపు కంపెనీల చట్టములోని 135వ విభాగము 2014 ఏప్రిల్ 1వ తేదినుండి అమలులోనికి వచ్చినది. పెద్ద కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు నికరలాభములో నూటికి రెండు పాళ్లకు తగ్గకుండ సమాజహితకార్యములకు వెచ్చింపవలెననియు, తాము పనిచేయు ప్రాంతములకే అందు ప్రాధాన్య మీయవలెననియు దాని విధి. ఇది మంచి శాసనమే. కాని ఆ రెండు పాళ్లు చెల్లించిన వ్యాపారి ఋణవిముక్తుడయ్యెనని తలంచుట పొరపాటని మా మనవి.

గుడిబండ ప్రాంతమునే చూతము. కర్ణాటకపు టంచున నున్న ఈ పల్లెలలో వాన తక్కువ. వేరుశెనగను నమ్ముకొన్నవాని బ్రతుకు మబ్బును నమ్ముకొన్నదే. నీటి వసతి గలవారు కొందరు మల్బరీ నాటి పట్టుపురుగులను పెంచుచున్నారు. ఇంటిల్లిపాదియు, ముఖ్యముగా స్త్రీలు, ఇంచుమించు నెలనాళ్లు ఆకు కోసి మేపి, తెగులు సోకకుండ కనిపెట్టి గూళ్లు కట్టింతురు. ఇట్టి గూళ్లకు హిందూపురపు అంగడి పేరుపడినది. పట్టు దారమై ధర్మవరము వంటి ఊళ్లలో మగ్గమెక్కి, తుదకు ఏ పెండ్లిపందిరిలోనో చీరయై మెఱయును.

ఈ దారిలో ఎన్ని చేతులు! కొనువారు ముందే కూడబలుకుకొని ధరను అణచినచో రైతుకు నష్టము. పట్టును జరీని తానే యిచ్చి నేయించు షావుకారు, పాత అప్పును చూపి కూలి కోసినచో నేతగానికి నష్టము. చేమగ్గములకు కొన్ని రకముల వస్త్రములను ప్రత్యేకించుచు 1985లోనే చట్టము వచ్చినది. అయినను మరమగ్గపు చీరను చేమగ్గపు చీరయని అమ్మినచో నేతగానికిని కొనువారికిని కూడ అన్యాయమే. ఇట్లార్జించిన వ్యాపారి ఎంత అన్నదానము చేసినను, నేతగాని యింట ఆరిన పొయ్యి రాజునా?

ఈ సంగతిని శాసనమును ఎఱుగకపోలేదు. కంపెనీ తన ఉద్యోగుల మేలుకొఱకు చేయు ఖర్చును, తన నిత్యవ్యాపారపు ఖర్చును ఈ రెండు పాళ్లలో జమకట్టరాదని దాని నిబంధనలు చెప్పుచున్నవి. దీని భావమేమి? న్యాయమైన కూలి దానము కాదు, బాకీ. బాకీని దానముల పద్దులో వ్రాయువాడు లెక్కను తప్పుచున్నాడు.

దీనికి ఆక్షేపణ లేకపోలేదు. 1970లో అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు మిల్టన్ ఫ్రీడ్‌మన్, మోసము లేక నియమములకు లోబడి లాభము పెంచుటయే వ్యాపారపు బాధ్యతయనియు, వాటాదారుల సొమ్ముతో నిర్వాహకులు పరోపకారము చేయుట తగదనియు వాదించెను. ఇతరుల ధనముతో కీర్తి కొనరాదనుట నిజమే. కాని లాభమంతయు వాటాదారుల సొమ్మేనా? 2019లో పెనుకొండ చెంత ఎర్రమంచియొద్ద కియా కార్ల కర్మాగారము ఉత్పత్తి మొదలిడినది. దానికి గొల్లపల్లి జలాశయము నుండి నీరు చేర్చబడినది. ఎంతటి పరిశ్రమయైనను సమాజపు భూమిని, నీటిని, బాటలను ఆనుకొనియే నిలుచును. కరవుసీమలో నీటికన్న గొప్ప మూలధనము కలదా? ఇక మోసము లేకుండుటయే చాలునందుమా, అప్పులో మునిగిన నేతగాడు తక్కువ కూలికి తల యూపుట స్వేచ్ఛగా చేసిన ఒడంబడికయా? ధనికుడు తన సంపదకు ధర్మకర్త మాత్రమేయని గాంధీమహాత్ముడు బోధించుట ఇందులకే. ధర్మకర్తను అడుగవలసిన మొదటి ప్రశ్న "ఎంత పంచితివి?" యని కాదు, "ఎట్లు కూర్చితివి?" యని.

చదువరులారా, ఈ ప్రశ్న వ్యాపారులకే పరిమితము కాదు. చేమగ్గపు చీర మరమగ్గపు ధరకు కావలెనని పట్టుపట్టు ప్రతి గృహమును ఆ కూలికోతలో భాగము పంచుకొనుచున్నది. పెండ్లిచీర కొనునపుడు అంచును రంగును చూచుటతోపాటు, ఇది ఏ మగ్గముపై నేసినది, నేసినవారికి ఏమి ముట్టినదని అడుగుట అలవరచుకొందము. పలువురు అడుగుచున్నచో అంగడివారు జవాబు వెదకక తప్పదు. లాభములో రెండు పాళ్లను శాసనము చూచుకొనును. తక్కిన తొంబది యెనిమిది పాళ్లు ఏ విధమున వచ్చినవో చూచుట వ్యాపారి అంతరాత్మకును, కొనుచున్న మనకును మిగిలిన పని.