మూగజీవమునకును చోటు కావలెను

ధ్యాన భాగములు: సామెతలు 12:10, ఆదికాండము 13:5–9, సంఖ్యాకాండము 35:1–5



మన సంఘములో ఒక కుటుంబమువారికి ఏడు మేకలుండెను. వాటి దొడ్డి రెండు మంచములు పరచినంత చోటు మాత్రమే. అందులో ఒక కొమ్ముల మేక మిగిలినవాటిని కుమ్ముచుండెను. ఒకనాడు చూడిమేకను కుమ్మగా దాని కడుపు పోయెను. “అయ్యగారూ, దీనికి దయ్యం పట్టింది, ఏం చేయమంటరు?” అని ఆ తల్లి ఏడ్చెను. “అమ్మేయండమ్మా” అంటిని. అంగడికి తోలి అమ్మిరి. పది దినములు గడువకమునుపే, అంతవరకు సాధువుగానున్న మరియొక మేక కుమ్మసాగెను. నా సలహా తప్పని అప్పుడు తెలిసికొంటిని. దోషము మేకది కాదు, దొడ్డిది.

మందలో ఏది ముందు, ఏది వెనుక అను వరుస యుండును. బలమైనది తల వంచగానే బలహీనమైనది నాలుగడుగులు వెనుకకు తొలగును. అంతటితో తగవు తీరును. గోడ అడ్డమైనయెడల అది ఎక్కడికి తొలగును? తొలగలేదు గనుక మరల దెబ్బ తినును. పెద్ద మేక ఒక్కొక్కదానికి కప్పు క్రింద 10 చదరపు అడుగులు, ఆరుబయట 20 చదరపు అడుగులు ఉండవలెనని పశువైద్యులు చెప్పుదురు. ఆ దొడ్డిలో ఏడింటికి కలిపి 40 కూడ లేవు.

అడవి జంతువు తన చోటు తానే చూచుకొనును. అమ్రాబాద్ అడవిలో పెద్దపులి చెట్లను గోళ్లతో గీచి, మూత్రముతో గురుతులు పెట్టి తన ఎల్లలు తెలుపును. అడవిమృగములకు రాత్రిని, మనుష్యుని పనికి పగటిని దేవుడు ఏర్పరచెనని 104వ కీర్తన చెప్పుచున్నది. అయితే మనము కట్టివేసిన పశువు తన ఎల్లను తాను ఏర్పరచుకొనలేదు. దాని పలుపు మన చేతిలోనున్నది గనుక దాని చోటునకు మనమే ఉత్తరవాదులము.

“కడుపునిండ మేత వేయుచున్నాము గదా, చాలదా?” అని కొందరు అడుగుదురు. నీతిమంతుడు తన పశువు ప్రాణమును ఏలాగు చూచునో సామెతల గ్రంథములో చదువుచున్నాము. అచ్చట హెబ్రీ భాషలోనున్న మాటకు “ఎరుగుట” అని అర్థము. మేత వేయుట సులువు, ఎరుగుట కష్టము. షాద్‌నగర్ వైపు కోళ్లఫారములున్నవి. గ్రుడ్ల కోళ్లను ఇనుపగూళ్లలో పెంచుచోట ఒక్కొక్కదానికి దొరకు చోటు సాధారణముగా మనము వ్రాసికొను కాగితమంత కూడ ఉండదు, రెక్క చాపలేదు. మేతకు మాత్రము లోటు లేదు. 2017 జూలైలో భారత న్యాయ కమిషన్ తన 269వ నివేదికలో ఈ సంగతిని విచారించెను. అచ్చట కూలి చేయు మనవారిమీద నేను నేరము మోపను. గ్రుడ్డు తినువారమందరము ఆలోచింపవలసినదే.

బీదవాడు గోడను జరుపలేడు, నిజమే. అయినను మేతను ఒకచోట గాక రెండు మూడు చోట్ల వేయవచ్చును. పగలు మేపుకు విడువవచ్చును. చోటునకు మించి మందను పెంచకుండ వచ్చును. ఊరివారికిని బాధ్యత కలదు. లేవీయుల పట్టణముల చుట్టు పశువులకొరకు నలుదిక్కుల 2,000 మూరల చొప్పున పొలము కొలిచి విడువుడని దేవుడు ఆజ్ఞాపించెను. 2017లో ఆరంభమైన ప్రభుత్వ పథకములో లబ్ధిదారునకు 20 ఆడగొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చిరి. మందను ఇచ్చుట ఒకటి, మందకు కంచెను, బంజరును మిగుల్చుట మరియొకటి. ఊరి మేతభూమిని దున్నుకొనువాడు మూగజీవముల పాలు తీసికొనుచున్నాడు.

అబ్రాము కాపరులును లోతు కాపరులును కలహించినప్పుడు, అబ్రాము ఏ కాపరినిగాని దుష్టుడని వెళ్లగొట్టలేదు. ఇద్దరి మందలకు ఆ దేశము చాలదని గ్రహించెను. దొడ్డిలో బలహీనమైనదే తొలగును. అచ్చట పెద్దవాడే తొలగి, ముందు కోరుకొను హక్కు చిన్నవానికిచ్చెను. గట్టుకొరకు, గోడకొరకు కోర్టుకెక్కు అన్నదమ్ములారా, మీ తగవులో వెనుకకు తొలగవలసినవాడు ఎవడు?

తరువాత మేము ఇంటి వెనుకనున్న సర్కారు తుమ్మ నరికి, కంప నాటి, ఆ దొడ్డిని పెంచితిమి. కుమ్ములాట పూర్తిగా మానలేదు గాని, దెబ్బ తగులకముందే తొలగుటకు చోటున్నది. అంగడికి తోలిన మేకను మాత్రము తిరిగి తేలేకపోతిమి. నేరము మోపకముందు దొడ్డిని చూచు జ్ఞానము ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.