కూలిన గడి, శూన్యమైన అయోధ్య

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాద్రికి పోవు యాత్రికులు సాధారణముగా దారిలో ఎక్కడను ఆగరు. మనస్సు ముందే గోదావరి ఒడ్డు చేరియుండును. కాని గత కార్తికమున మేము ఆగవలసివచ్చినది. మా మేనల్లునికి ఛాయాచిత్రములు తీయుట ఒక వ్యసనము. బాట నుండి కొంత లోపలికి, అడవి అంచున ఒక దేశముఖుగారి పాత గడి ఉన్నదని ఎవరో చెప్పగా విని, అది చూడనిదే కదలనని పట్టుబట్టినాడు. ఆ ఊరి పేరు వ్రాయను. ఆ వంశమువారు నేడు ఎక్కడనో మర్యాదగా బ్రదుకుచుందురు. తాతల సంగతికి మనుమలను ఈ పుటలలోనికి ఈడ్చుట న్యాయము కాదు.

సింహద్వారము మిగిలియున్నది, తలుపులు లేవు. దూలములు ఎవరు పట్టుకొనిపోయిరో, పైన ఆకాశమే కప్పు. గోడ పగుళ్ళలో రావి మొలిచి, దాని వేళ్ళు సున్నపు పూతను ఒలిచి ఇటుకలను కౌగిలించుకొనియున్నవి. చావడిలో తునికి మొక్కలు నడుమెత్తు పెరిగినవి. మావాడు ఒకచోట కూర్చుండి, ఒకచోట పడుకొని, గంటసేపు చిత్రములు తీసినాడు. “ఎంత అందముగా ఉన్నదో చూడు మామయ్యా!” అన్నాడు. నేను పెద్దరికము తెచ్చిపెట్టుకొని, “చూచితివా, సంపదలన్నియు ఇట్టివే” అంటిని.

నిజము చెప్పవలెనన్న, ఆ మాట అనుచున్నప్పుడు నాలో కలిగినది వైరాగ్యము కాదు. పరుల మేడ కూలియుండగా మన పెంకుటిల్లు నిలిచియున్నందుకు కలుగు తృప్తి అది. దానికి వేదాంతపు ముసుగు వేసితిని. ఆ రాత్రి సత్రములో పెట్టె తాళము రెండుమారులు లాగి చూచుకొన్నవాడను నేనే గదా!

శిథిలమును చూచు తీరు వేరొకటి కలదు. దానిని కాళిదాసు రఘువంశము పదునారవ సర్గలో చూపినాడు. శ్రీరాముడు పరంధామము చేరిన పిదప అయోధ్య శూన్యమైనది. కుశుడు కుశావతిలో రాజ్యము చేయుచుండగా, ఒకనాటి అర్ధరాత్రి, మూసిన తలుపులు మూసినట్లుండగనే అయోధ్యాధిదేవత అతని పడకయింట ప్రత్యక్షమైనది. తన దుర్దశ చెప్పుకొన్నది. అందెలు మ్రోగిన రాజవీథిలో నక్కలు తిరుగుచున్నవట. లత్తుక పాదములు సోకిన మెట్లపై, లేళ్ళను చంపిన పులులు నెత్తుటి అడుగులు వేయుచున్నవట. నిలుచు కఱ్ఱలు విరిగి పెంపుడు నెమళ్ళు అడవి నెమళ్ళైనవట. సున్నము నల్లబడి గడ్డి మొలిచిన మేడలపై వెన్నెల సైతము ప్రకాశింపదట. మావాని చిత్రములలోనిది చాలమట్టుకు అందులో ఉన్నది. కాని ఆ దేవత కోరినది, చూచి నిట్టూర్పు విడువుమని కాదు, వచ్చి కాపురముండుమని. కుశుడును తెల్లవారగనే సభలో ఆ సంగతి చెప్పి, కుశావతిని శ్రోత్రియుల కిచ్చి, సేనతో బయలుదేరి, శిల్పులచేత నగరమును బాగుచేయించినాడు.

అట్లని ఈ గడికిని దొర తిరిగి రావలెనని కోరుదుమా? గడి వెనుక ఒక గుడిసె ముందు తొంబది ఏండ్లు దాటిన అవ్వ కూర్చుండియుండెను. మావాడు తన కెమెరా అద్దములో చిత్రములు చూపి, “బాగున్నదా అవ్వా?” అని అడిగినాడు. ఆమె కన్నులు చికిలించి చూచినది.

“బాగనే ఉన్నది బిడ్డా. ఆ మెట్లు మా నాయన ఎన్నడు ఎక్కలే. చెప్పులు చేతబట్టుకొని గీడ్నే నిలబడేటోడు.”

గోడలెత్తినది వెట్టిచాకిరితో. ఇటుక, సున్నము, నీరు, కట్టె, అన్నియు ఊరివారు కూలి లేక మోసినవే. నేను, “అయితే కూలినందుకు సంతోషమేనా అమ్మా?” అంటిని. ఆమె నావంక వింతగా చూచినది. “ఇల్లు కూలితే సంతోషమేంది అయ్యా? దాంట్ల మా నాయన మోసిన ఇటుకలున్నయి.”

నాకు సిగ్గు కలిగినది. సంతోషించుటకు హక్కున్న మనిషి సంతోషింపలేదు. దారిన పోవు నేను సంతోషించితిని.

అయోధ్య శూన్యమైనప్పుడు ప్రజలు రాముని వెంట సరయువు దాక నడచిరి. ఆయన లేని ఊరిలో ఉండజాలక పోయిరి. తెలంగాణములో 1946 మొదలు 1951 వరకు సాగిన రైతాంగ పోరాటములో ఇట్టి గడులు పెక్కు ఖాళీ అయినప్పుడు, దొరలు ప్రజలకు వెఱచి పట్టణములు చేరిరి. రెండుచోట్లను మొలిచిన గడ్డి ఒక్కటే. యంత్రపు కంటికి ఆ భేదము తెలియదు. అక్కడ ఉన్నవారిని అడిగినగాని మన కంటికిని తెలియదు.

భద్రాద్రి ఆలయమునకు మాత్రము ఈ ప్రశ్న తప్పినదా? నేలకొండపల్లిలో జన్మించిన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారు. 1672 నుండి 1687 వరకు గోల్కొండ నేలిన తానీషా కొలువులోని ఉద్యోగి. శిస్తు సొమ్ము ఆలయమునకు వెచ్చించినాడని చెరలో వేయబడినాడు. సంప్రదాయము ఈ సంగతిని దాచలేదు. భక్తుడు గనుక బాకీ లేదనియు అనలేదు. రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మొహరీలు లెక్కగా చెల్లించి, రశీదు పుచ్చుకొని, ఆ మీదటనే భక్తుని విడిపించిరని చెప్పినది. ఇది నాకు ఆ కథలోనెల్ల గొప్ప సంగతిగా తోచును. ఔరంగజేబు 1687 లో గోల్కొండను పట్టుకొన్నాడు. తానీషా దౌలతాబాదు కోటలో బందీగా కన్నుమూసినాడు. ఆయన మహలులు మొండిగోడలైనవి. ఆ గోడల నడుమ జనులు చేతులు జోడించి నిలుచునది రామదాసు చెరసాల ఎదుట. తానీషా నాటివని చెప్పుకొను ముత్యాల తలంబ్రాల ఆచారము మాత్రము ప్రభుత్వము పక్షమున నేటికిని కల్యాణమునాడు సాగుచున్నది.

ఈ గడి గోడల బాకీ ఎవ్వరును కట్టలేదు.

బయలుదేరునపుడు మావాడు అవ్వను సింహద్వారము ముందు నిలువుమని బ్రతిమాలినాడు. ఆమె లేవలేదు. చేయి చాచి పెరటివైపు చూపినది. “తీస్తే ఆ బాయి తీయి. మా నాయన తవ్విండు. గింజ కూలి ఇయ్యలే.”

బావి రాతికట్టడము చెక్కుచెదరలేదు. ఊరివారు మోటారు బిగించి నీరు తోడుకొనుచున్నారు. మావాడు చాలసేపు వంగి చూచి, ఒకే ఒక్క చిత్రము తీసినాడు. తరువాత కెమెరా సంచిలో పెట్టి, అవ్వ ఇచ్చిన చెంబుతో ఆ నీరు త్రాగినాడు. నేనును త్రాగితిని.