అంకె చెప్పు సాక్ష్యము



గత వేసవిలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మన సంఘపు యౌవనస్థుడొకడు నా యొద్దకు వచ్చి తలవంచుకొని నిలువబడెను. పరవాడ వైపు మందుల కంపెనీలో పనిచేయు బిడ్డ. కానుక ఎన్నడును తప్పించినవాడు కాడు. "అయ్యగారూ, మీరు చెప్పినట్టే చేశాను. బ్యాంకువాళ్లు లోను ఇవ్వమన్నారు" అనెను. వానలు పడకముందే ఇంటికి స్లాబు వేయింపవలెనని వాని కోరిక.

నేను చెప్పినదేమో మీకును తెలియవలెను. వాని వద్ద రెండు క్రెడిట్ కార్డులుండెను. ఒకదాని పరిమితి 50,000 రూపాయలు, రెండవదాని పరిమితి 1,00,000 రూపాయలు. తల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడు మొదటి కార్డుమీద 42,000 ఖర్చయినది. రెండవది వాడనేలేదు. ఎవరికిని బాకీపడి యుండరాదని పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయములోని మాటను నేను వానికి చూపి, "వాడని కార్డు ఎందుకు నాయనా? అది శోధన. వెంటనే మూసివేయించు" అంటిని. వాడు లోబడెను. నేను సంతోషించి, పేరు చెప్పకుండ దానిని ప్రసంగములో దృష్టాంతముగా కూడ చెప్పితిని. ఆ కార్డు మూసిన మరుసటి నెలలోనే వాని సిబిల్ స్కోరు పడిపోయెను.

నాకు అర్థము కాలేదు. అప్పు పెరగలేదు, శోధన తగ్గినది, అంకె ఏల పడవలెను? బ్యాంకు ఉద్యోగము చేసి విరమించిన పెద్ద ఒకరు పాటల కాగితము వెనుక పెన్సిలుతో లెక్క వేసి చూపిరి. రెండు కార్డులున్నప్పుడు మొత్తము పరిమితి 1,50,000. దానిలో 42,000 అనగా నూటికి 28 వంతులు. రెండవ కార్డు మూసిన తరువాత మొత్తము పరిమితి 50,000 మాత్రమే. అదే 42,000 ఇప్పుడు నూటికి 84 వంతులు. బాకీ ఒక్క రూపాయియైన మారలేదు. మారినది పరిమితి. స్కోరుకు పలు కారణములుండును గాని, ఇంత కొద్ది కాలములో ఇంతగా పడుటకు ఇదియే ముఖ్యమని వారి అభిప్రాయము.

ఈ సిబిల్ అనునది ఏమో తెలియనివారు మనలో అనేకులున్నారు. అప్పుల వివరములను సేకరించుటకు 2000వ సంవత్సరములో మన దేశమున ఆ సంస్థ స్థాపింపబడెను. 2005లో ఇట్టి సంస్థల కొరకు చట్టము చేయబడెను. నేడు ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సి.ఆర్.ఐ.ఎఫ్. హైమార్క్ అను నాలుగు సంస్థలున్నవి. స్కోరు 300 మొదలు 900 వరకు ఉండును. 750 దాటినచో మంచిదని బ్యాంకులవారు సాధారణముగా తలంతురు. వాయిదాలు సకాలములో కట్టితిమా లేదా అనునది అన్నిటికంటె ముఖ్యము. దాని తరువాత చెప్పుకొనదగినది, ఇచ్చిన పరిమితిలో ఎన్నవ వంతు వాడినామనునది. నూటికి 30 వంతులు దాటనీయకుడని బ్యాంకు తెలిసినవారు చెప్పుదురు. అది చట్టము కాదు, అనుభవము మీద చెప్పు మాట. 29 అయినచో నీతిమంతుడు, 31 అయినచో పాపి అని ఎంచవద్దు.

అయితే అప్పు మొత్తమును కాక వంతును ఏల చూచెదరు? అనకాపల్లి బెల్లపు మార్కెట్టుకు బండ్లు తోలిన మన పెద్దలకు ఇది క్రొత్త సంగతి కాదు. చెరకు రైతుకు పంట చేతికి రాకముందే అడ్వాన్సు ఇచ్చు వర్తకుడు, "ఎంత కావలెను?" అని మాత్రమే అడిగి ఊరకొనడు. "ఇంకెవరి దగ్గర తీసుకున్నావు? పంటలో ఇంకా ఎంత మిగిలింది?" అని కూడ అడుగును. పది పుట్ల బెల్లము వండువాడు రెండు పుట్లమీద అప్పు తీసికొనుటకును, మూడు పుట్లవాడు అదే రెండు పుట్లమీద తీసికొనుటకును భేదము కలదు. రెండవవానికి ఒక వాన ఎక్కువ కురిసినను, ఒక ఎద్దు చచ్చినను నిలదొక్కుకొను చోటు లేదు. స్కోరు లెక్కవేయు యంత్రము అడుగునది ఇదియే: ఈ మనుష్యుడు గట్టు అంచునకు ఎంత దగ్గర నిలిచియున్నాడు? వాడు మంచివాడా అని అది అడుగుట లేదు. నేను మంచిని గూర్చిన సలహా ఇచ్చితిని, అది అంచును గూర్చిన లెక్కను చెడగొట్టెను.

ఇక్కడ నా మనస్సు చాల దినములు నిలిచిపోయినది. ఆ 42,000 తల్లి వైద్యమునకు అయిన ఖర్చు. సారా దుకాణములో తగలబెట్టినను 84 వంతులే, తల్లిని బ్రదికించుకొనినను 84 వంతులే. అంకెకు కనికరము తెలియదు. మనుష్యుడు పైరూపమును చూచుననియు దేవుడు హృదయమును చూచుననియు సమూయేలు నేర్చుకొనెను గదా. ఈ అంకె మనుష్యుని చూపుకంటెను ఇరుకైనది, పైరూపమునైనను పూర్తిగా చూడదు.

ఇట్లు కోపగించుకొనుచుండగా మరియొక సంగతి జ్ఞాపకమునకు వచ్చెను. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో అప్పిచ్చినవాడు కుదువ సొమ్ము కొరకు బీదవాని యింటిలోనికి చొరబడరాదు, బయటనే నిలువవలెనని విధియున్నది. మన తాతల దినములలో ఇది తలక్రిందుగా జరిగినది. బయట నిలిచినవాడు అప్పిచ్చువాడు కాడు, అప్పు అడుగువాడు. పేటనుండి వచ్చినవాడు షావుకారు గుమ్మము దాటరాదు. వాడు ఎంత నమ్మకస్థుడైనను వాని కులమే వాని స్కోరు. ఈ సంస్థల పుస్తకములలో కులమునకు గడి లేదు, మతమునకును గడి లేదు. వాయిదా కట్టెనా, ఎంత వాడెను, ఎన్నాళ్లనుండి కట్టుచున్నాడు అనునవే యున్నవి. కనికరము తెలియని ఆ గ్రుడ్డితనమే తృణీకారమును కూడ ఎరుగదు. ఇందులో ఒకటి కావలెను, మరియొకటి వద్దు అని చెప్పుట అంత సులభము కాదు. బ్యాంకు మేనేజరు మనుష్యుడే గనుక, ఆసుపత్రి రసీదులు తీసికొనిపోయి చూపినచో అంకె చూడనిదానిని అతడైన చూడవచ్చునని మాత్రము నేను చెప్పగలను.

ఎన్నడును అప్పు చేయనివానికి స్కోరు ఉండదు. పౌలు మాటను అక్షరాలా గైకొనినవాడు ఈ పుస్తకములో పేరే లేనివాడు! అట్టివానిని చరిత్ర లేదను ఒక్క కారణముచేత త్రోసివేయరాదని రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులకు చెప్పినది, సంతోషము.

ఆ బిడ్డ నన్ను మరియొక ప్రశ్న అడిగెను. అది నన్ను మరింత ఆలోచింపజేసినది. బిల్లు వేయు తేదీకి ముందే కొంత కట్టివేసినచో, బిల్లులో బాకీ తక్కువగా కనబడును. బ్యాంకులు 2025 జనవరి 1 నుండి కనీసము నెలకు రెండు మారులు ఈ వివరములు పంపవలెను గనుక, తగ్గిన బాకీ త్వరలోనే అంకెలో కూడ కనబడును. "ఇలా చేయడం వేషధారణ అవుతుందా అయ్యగారూ?" అనెను.

దీనికి బెల్లమే జవాబు చెప్పును. మార్కెట్టులో రంగు చూచి ధర కట్టుదురు. ఒకడు చెరకు రసములోని మడ్డిని ఓపికతో తీసి శుభ్రముగా వండును, బెల్లము రంగు వచ్చును. మరియొకడు హైడ్రోస్ అను మందు చల్లును, రంగు ఇంకను బాగుగా వచ్చును. కొనువాని కన్నుకు రెండును ఒకటే, తినువాని కడుపుకు కాదు. నీ జీతములోనుండి తేదీకి ముందు కట్టితివా, బాకీ నిజముగా తగ్గినది, అది మడ్డి తీయుట. ఒక కార్డు బాకీని మరియొక కార్డుతో తీర్చి, లేక బావగారి యొద్ద మూడు దినములకు బదులు తెచ్చి కట్టి మరల వాడుకొని ఇచ్చివేసితివా, బాకీ ఎక్కడికిని పోలేదు, స్థలము మారినది. అది హైడ్రోస్. వానికి నేను ఇట్లే చెప్పితిని.

కనీసపు మొత్తము కట్టిన చాలునను మాటను గూర్చియు చెప్పవలెను. అది కట్టినవాడు వాయిదా తప్పినవాడు కాడు, నిజమే. కాని బాకీ అలాగే నిలుచును, వంతు తగ్గదు, వడ్డీ ఎక్కును. కార్డుల వడ్డీ సాధారణముగా మన ఊరి భాషలో మూడున్నర రూపాయల వడ్డీ. 42,000 మీద నెలకు 1,470 రూపాయలు, ఆ వడ్డీమీద పన్ను వేరు. మూడు రూపాయల వడ్డీకి ఇచ్చువానిని రక్తము త్రాగువాడని తిట్టుచు, మెరిసే కార్డును గౌరవముగా జేబులో పెట్టుకొందుము.

ప్రతి సంస్థయు సంవత్సరమునకు ఒకసారి మన వివరముల పత్రమును ఉచితముగా ఇయ్యవలెను. మీ పిల్లలచేత తెప్పించి చూచుకొనుడి. తప్పులున్నచో వ్రాసి అడుగవచ్చును, 30 దినములలో పరిష్కరింపవలెనని నియమము.

ఇక ఆ బిడ్డ సంగతి. బ్యాంకు కాదనిన తరువాత ఊరిలోనే ప్రోనోటు వ్రాసి 2,00,000 రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి స్లాబు వేయించెను. ఓవర్‌టైము చేసి కార్డు బాకీ అంతయు తీర్చెను. మొన్న ఫోనులో స్కోరు చూపెను, బాగుగా పెరిగినది. ప్రోనోటు ఏ సంస్థ పుస్తకములోను లేదు గనుక, నెలనెలా 6,000 వడ్డీ కట్టుచున్న ఆ మనుష్యుడు అంకె దృష్టిలో ఇప్పుడు మునుపటికంటె తేలికగా నున్నాడు. నేను వాని తల్లియెదుట నా తప్పు ఒప్పుకొంటిని. ఆమె నవ్వి, "పోనీలెండి అయ్యగారూ, ముందు టీ తాగండి" అనెను. వచ్చే సోమవారము ప్రోనోటు నకలును ఆసుపత్రి రసీదులను తీసికొని మేమిద్దరము మరల బ్యాంకుకు వెళ్లుచున్నాము. బ్యాంకువారు అడుగకపోయినను ప్రోనోటు సంగతి చెప్పవలెనని వాడే అనెను.