ఉడుమును తినవచ్చా? ప్రశ్న అక్కడితో ఆగదు

కోదాడ దగ్గరి ఒక పల్లెలో హదీసు పాఠం ముగిశాక ఒక యువకుడు లేచి, "హజ్రత్! మావాళ్ళు పొలంగట్టు మీది పుట్ట తవ్వి ఉడుమును పట్టారు. తినవచ్చా?" అని అడిగాడు. మన హనఫీ ఫిఖహ్ ప్రకారం తినరాదని చెప్పాను. "అయితే చంపి నూనె తీసుకుంటాం" అన్నాడు. నేను ఊరుకున్నాను. నేను చెప్పిన మస్అలా సరైనదే. కాని చెప్పవలసింది ఇంకా మిగిలి ఉందని ఇంటికి వచ్చాక తోచింది.

దైవప్రవక్త (స) ముందు ఒకసారి కాల్చిన 'జబ్' మాంసం ఉంచారు. ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు. ఇది నిషిద్ధమా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగారు. కాదనీ, తమవారి ప్రాంతంలో అది ఉండదు గనుక తమకు సహించదనీ ఆయన చెప్పారు. ఖాలిద్ (రజి) తిన్నారు. ఆయన వారించలేదు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ ఉల్లేఖనం ఉంది. తక్కిన ముగ్గురు ఇమాములు జబ్‌ను ధర్మసమ్మతమన్నారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) మక్రూహ్ అన్నారు.

ఉర్దూలో జబ్‌ను 'గోహ్' అనీ, తెలుగులో 'ఉడుము' అనీ అనువదిస్తుంటారు. నిజానికి జబ్ ఆకులు మేసే, ముళ్ళతోక గల ఎడారి జీవి. ఉడుముకు అరబీలో 'వరల్' అనే వేరే పేరుంది. ఏ జీవి అయినా ఇందులో మనకు ఒక పాఠం ఉంది. ప్రవక్త (స)కు ఆ మాంసం సహించలేదు. అయితే ఆ అయిష్టం ఆయన తన చేయి వెనక్కి తీసుకోవడంతోనే ఆగిపోయింది. మనకు ఒక ప్రాణి నచ్చకపోతే చేయి కర్ర కోసం వెళుతుంది.

బల్లిని చంపమన్నారు కదా అని కొందరు అడుగుతారు. ఆ ఆదేశం 'వజగ్'కు సంబంధించినది. దాన్ని ఉడుముకు వర్తింపజేయడం తగదు. తనను ఒక చీమ కుట్టినందుకు పూర్వపు ప్రవక్త ఒకరు చీమల నివాసాన్నంతా కాల్పించారు. కుట్టింది ఒక్క చీమ కాగా, తనను స్తుతించే ఒక సముదాయాన్నే నాశనం చేసినందుకు అల్లాహ్ ఆయనను మందలించాడు. భూమిపై తిరిగే జంతువులూ, ఎగిరే పక్షులూ మనలాంటి సముదాయాలేనని అన్‌ఆమ్ సూరా 38వ ఆయతు తెలుపుతోంది.

సముదాయం ఎలా నశిస్తుందో జమైకా దీవిని చూడండి. అక్కడ ఇగ్వానా అనే పెద్ద తొండజాతి జీవి ఉంది. 1872లో చెరకు తోటల ఎలుకల కోసం కలకత్తా నుంచి తొమ్మిది ముంగిసలను తెచ్చి వదిలారు. అవి పెరిగి ఇగ్వానా గుడ్లనూ, పిల్లలనూ తిన్నాయి. బొగ్గుల కోసం మనుషులు అడవిని నరికారు. 1940ల తరువాత ఆ జాతి అంతరించిందనే అనుకున్నారు. 1990లో ఒక వేటగాడి కుక్క ఒక ఇగ్వానాను పట్టడంతో, హెల్‌షైర్ కొండల్లో కొన్ని మిగిలాయని తెలిసింది. ఇగ్వానాలను చంపాలని ఎవరూ ముంగిసలను తేలేదు. ఏమరుపాటే అంత పని చేసింది.

సోదరులారా! సూర్యాపేట దగ్గర మూసీ కింద, మిర్యాలగూడ, కోదాడల్లో సాగర్ ఎడమ కాలువ కింద పొలాలున్న మనమూ ఆలోచించాలి. ఉడుము పుట్టల్లో, బొరియల్లో, రాళ్ళ సందుల్లో బతుకుతుంది. పురుగులనూ, పీతలనూ, ఎలుకలనూ తింటుంది. పుట్టలు చదును చేసి, గుట్టలు తవ్వితే అది ఎక్కడికి పోతుంది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉడుమును మొదటి షెడ్యూలులో చేర్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న సవరణ ప్రకారం దాన్ని వేటాడితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. అయితే పోలీసు లేని చోట కూడా అల్లాహ్ చూస్తూనే ఉన్నాడు కదా!

తరువాతి వారం ఆ యువకుడికి ఈ మాటలన్నీ చెప్పాను. ఆ ఉడుము అప్పటికే చనిపోయింది. "ముందే చెప్పి ఉంటే వదిలేసేవాళ్ళం హజ్రత్" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తినే విషయం అడిగినవారికి, వదిలిపెట్టే విషయం కూడా చెప్పడం నా బాధ్యత.

నచ్చని ప్రాణి నుంచి కూడా మన చేతిని వెనక్కి తీసుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.