సోమవారానికి ముడిపెట్టకు

తెనాలి

చి. చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన అండమాన్ ప్రయాణం పట్టికని మీ పెదనాన్న చేత కాగితం మీద తీయించుకుని తీరిగ్గా చదివాను. ఫోనులో మాట్లాడదామంటే నువ్వు “సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా” అంటూనే ఇంకో ఫోను ఎత్తుతావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఆఫీసు పనయ్యాక ఒకచోట కూచుని చివరిదాకా చదువు.

ముందు మంచి మాట. మీ నాన్న పోయాక మీ అమ్మ ఆ ఇంటి గడప దాటి ఎక్కడా నాలుగు రోజులు ఉండలేదు. అమ్మకి అరవయ్యో ఏడు వస్తోంది, ఎటైనా తీసుకెళ్ళాలి అని నీకు తోచినందుకే నాకు కడుపు నిండింది. వద్దనడానికి రాస్తున్నాననుకోకు. తప్పకుండా వెళ్ళాలి. నువ్వు వేసిన లెక్క చూశాకే నాకు నిద్ర పట్టలేదు.

గురువారం పొద్దున విమానం దిగి మధ్యాహ్నానికి సెల్యులార్ జైలు. శుక్రవారం తెల్లవారకముందే లేచి బారాటాంగ్ గుహలు. శనివారం హేవ్‌లాక్. ఆదివారం పొద్దున్నే నీల్ దీవి, అక్కణ్ణించి పడవలో పోర్ట్ బ్లెయిర్, అదే మధ్యాహ్నం తిరుగు విమానం. సోమవారం తొమ్మిదింటికి నువ్వు ఆఫీసులో ఉండాలి. ఇన్ని చోట్ల మధ్య ఒక్క పూట ఖాళీ లేదు. ఒక్క పడవ ఆగిందంటే ఆ తర్వాత రాసుకున్నదంతా పోయినట్టే. ఆ దీవుల మధ్య గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు. ఆపడమే వాళ్ళ ధర్మం. అప్పుడు నువ్వేం చేస్తావో నాకు తెలుసు. రేవులో నిలబడి వాళ్ళతో వాదిస్తావు. ఇంకెవరైనా తీసుకెళ్తారా అని వెతుకుతావు. నాకు భయం అక్కడే.

మా చిన్నప్పుడు సముద్రం అంటే సూర్యలంకే. రేపల్లెలో పొద్దున్నే రైలెక్కేవాళ్ళం. 1916లో వేసిన ఆ దారిలో తెనాలి దాకా వచ్చి, ఇక్కడ మద్రాసు వైపు వెళ్ళే బండికి మారి, నిడుబ్రోలు మీదుగా బాపట్ల చేరేవాళ్ళం. భావనారాయణస్వామి దర్శనం చేసుకుని, జట్కా కట్టించుకుని ఇసకలోకి దిగేసరికి ఎండెక్కేది. మా నాయనమ్మ సముద్రానికి దణ్ణం పెట్టనిదే ఎవర్నీ పాదం తడపనిచ్చేది కాదు. ఓసారి అంత దూరం పోయి, బట్టలు కూడా మార్చుకున్నాక, వల ఆరబెట్టుకుంటున్న పల్లెకారు ఒకాయన మా తాతయ్యతో “ఇవాళ లోపల లాగుడుందయ్యా, పిల్లల్ని దించొద్దు” అన్నాడు. నీళ్ళు చూస్తే మామూలుగానే ఉన్నాయి. తాతయ్య మారుమాట్లాడలేదు. అందర్నీ వెనక్కి పిలిచాడు. మేం ఏడ్చాం, కాళ్ళు నేలకేసి కొట్టాం. ఆయన మమ్మల్ని తాటిచెట్ల నీడన కూచోబెట్టి, పులిహోర పెట్టించి, సాయంత్రం బండికి తిరిగి తీసుకొచ్చేశాడు. పెట్టిన ఖర్చు గురించి గానీ పోయిన రోజు గురించి గానీ దారిలో ఒక్క మాట అనలేదు. అప్పుడు నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఆ వెనక్కి తిరగడం ఎంత పెద్ద పనో నాకు 1977లో తెలిసింది.

రేపల్లె ఇంటి నడవలో గంధం బొట్టు పెట్టిన ఫొటో ఉండేది, గుర్తుందా? మా బాబాయి, నీకు చినతాతయ్య. “తుఫానులో పోయాడు” అన్న మాట తప్ప మీ తరానికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఏటా నవంబరు 19న మీ అమ్మ పొయ్యి ముట్టించకుండా పండు తిని ఉంటుంది కదా, అది ఆయన కోసమే. నువ్వు గురువారం విమానానికి టికెట్టు తీసింది సరిగ్గా ఆ తారీకుకి.

బాబాయి దివిసీమలో, నాగాయలంక అవతలి ఊళ్ళో బడిపంతులు. నాగులచవితికి ఇంటికొచ్చాడు. అప్పుడు పెనుమూడి దగ్గర వారధి లేదు. కృష్ణ దాటాలంటే పడవే గతి. శుక్రవారం, 18న బయల్దేరాడు. ముసురు పట్టి ఉంది. రేడియోలో తుఫానని చెబుతున్నారు. కానీ ఆశ్వయుజ కార్తీకాల్లో ఆ మాట మాకు ఏటా వినిపించేదే. రేవులో పడవవాళ్ళు “రెండ్రోజులు ఆగండి పంతులుగారూ” అన్నారట. సాగనంపడానికి వెళ్ళిన మా నాన్న కూడా ఆగమన్నాడు. “సోమవారం ఇన్‌స్పెక్షను, అన్నయ్యా” అని బాబాయి పడవెక్కాడు. మీ అమ్మకి అప్పుడు పదేళ్ళు. వచ్చే పున్నమికి హంసలదీవి తీసుకెళ్ళి కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూపిస్తానని బాబాయి దానికి మాట ఇచ్చి వెళ్ళాడు.

మర్నాడు శనివారం. రేపల్లెలో పెంకులు గాలికి లేచిపోతుంటే మేమంతా ఒకే గదిలో ఒకరినొకరు పట్టుకుని కూచున్నాం. మా మీదికి వచ్చింది గాలే. కృష్ణకి అవతల దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి ఊళ్ళు నీళ్ళలో కలిసిపోయాయి. పదివేల మందికి పైగా పోయారు. దారులు తెరిచాక మా నాన్న వెతుక్కుంటూ వెళ్ళి, బడి ఉండాల్సిన చోట పునాదిరాళ్ళు చూసి తిరిగొచ్చాడు. బాబాయి దొరకలేదు. ఆ సోమవారం ఏ ఇన్‌స్పెక్షనూ జరగలేదు. చూడ్డానికి బడి లేదు, రావడానికి పిల్లలు లేరు.

మీ అమ్మ పున్నమి దాకా గుమ్మంలో కూచుంది. ఆ తర్వాత సముద్రం మాట ఎత్తలేదు. మీ చిన్నప్పుడు సూర్యలంక వెళ్ళినప్పుడల్లా తను పైన ఇసకలోనే చాప వేసుకుని కూచునేది. మీరంతా మోకాళ్ళ నొప్పులనుకున్నారు. అవి పదేళ్ళుగా ఉన్నాయి, సముద్రం అంటే భయం అంతకు ఎన్నో ఏళ్ళ ముందునుంచీ ఉంది.

రోజూ టీవీలో వింటున్నావు కదా, “దక్షిణ అండమాన్ సముద్రంలో అల్పపీడనం” అని? అక్టోబరు నవంబరుల్లో మన మీదికొచ్చే వాయుగుండాలు చాలావరకు ఆ చుట్టుపక్కల పుట్టి, బలం పుంజుకుని, ఇటు నడిచొచ్చేవే. మనింటికి వచ్చే తుఫానుకి పుట్టిల్లు అది. ఆ నెలలో అక్కడికే వెళ్తూ, చేతిలో ఒక్క రోజు కూడా మిగుల్చుకోలేదు నువ్వు. జనవరి నుంచి మార్చి దాకా ఆ సముద్రం నెమ్మదిగా ఉంటుంది. ఆ దీవులు నీ కోసం అప్పటిదాకా ఆగలేవా?

ఇప్పటివాళ్ళకి ఆగడం అంటే ఓడిపోవడం. డబ్బు కట్టేశాం కాబట్టి వాన కూడా మన మాట వినాలి అంటారు. సూర్యలంకలో ఆదివారం పోలీసులు ఈలలు వేస్తూనే ఉంటారు, కుర్రాళ్ళు ఫోను పైకెత్తి పట్టుకుని లోపలికి పోతూనే ఉంటారు. ప్రతి ఏడూ ఏ ఇంట్లోనో దీపం ఆరుతుంది. 2019 సెప్టెంబరులో పాపికొండలు చూడ్డానికి వెళ్ళినవాళ్ళ పడవ వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగింది. 2014లో రిపబ్లిక్ డే నాడు పోర్ట్ బ్లెయిర్ దగ్గరే యాత్రికుల పడవ పరిమితికి మించి ఎక్కించుకుని మునిగింది. వాళ్ళెవరూ సాహసాలకి పోయినవాళ్ళు కారు, నీలాగే సెలవు పెట్టుకుని, పిల్లాపాపలతో వచ్చినవాళ్ళు.

పట్టికలో బారాటాంగ్ కొట్టెయ్యి. మీ అమ్మ మోకాళ్ళ కోసమే కాదు. ఆ దారి జారవా ఆదివాసుల అడవిలోంచి పోతుంది. వాళ్ళ ఇంటి మధ్యలోంచి వాహనాల బారు నడిపిస్తూ, కిటికీలోంచి ఎవరైనా కనిపిస్తారేమోనని తొంగిచూడ్డం నాకు సహించదు. వాళ్ళని ఫొటో తీయడం నేరం. చట్టం లేకపోయినా చేయకూడని పనే. గుహలు చూడకపోతే మనకి వచ్చిన లోటేమీ లేదు. ఆ రోజుని ఖాళీగా వదులు. ఏమీ పెట్టకు. గాలి వీస్తే ఆ రోజు వాడుకుంటావు. వీయకపోతే మీ అమ్మ పక్కన ఊరికే కూచుంటావు. అలా కూచుని ఎంత కాలమైందో నువ్వే చెప్పు.

సెల్యులార్ జైలుకి మాత్రం ఒక పూట మొత్తం కేటాయించు. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు. ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే ఉన్నాయి. అల్లూరి వెంట నడిచిన గాం మల్లుదొర అక్కడ శిక్ష అనుభవించాడు. తర్వాత 1952లో మొదటి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారిని కూడా అక్కడికే పంపారు. గైడు హిందీలో ఈ పేర్లు చెప్పకపోవచ్చు. మీ అమ్మకి నువ్వు చెప్పు. భాష గురించి దిగులు పడకు. 2011 లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి పదమూడుగురి ఇంటి భాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖల నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు చాలామంది. బజార్లో మీ అమ్మ తెలుగులోనే బేరమాడుకోవచ్చు. పోర్ట్ బ్లెయిర్‌ని 2024లో శ్రీ విజయపురం చేశారు, హేవ్‌లాక్ ఇప్పుడు స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. టికెట్ల మీద ఏ పేరున్నా కంగారు పడకండి.

ఇక చేయాల్సినవి. నవంబరు టికెట్లు రద్దు చెయ్యి. ఫిబ్రవరిలో ఆరు రోజులకి తియ్యి. నాలుగే దొరికితే నీల్ కూడా కొట్టేసి హేవ్‌లాక్ ఒక్కటే ఉంచు. తిరుగు విమానానికి ముందు రాత్రి తప్పకుండా పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోవాలి. పడవ దిగి అదే రోజు విమానం ఎక్కే ఏర్పాటు ఎంత చవగ్గా వచ్చినా వద్దు. తిరిగొచ్చిన మర్నాడు కూడా సెలవు పెట్టు. మీ మేనేజరుకి ఇప్పుడే చెప్పు, అక్కడికెళ్ళాక రేవులోంచి ఫోను చేసి బతిమాలుకోకు. పడవలో లైఫ్ జాకెట్ నువ్వు కట్టుకుని, మీ అమ్మకి నీ చేతుల్తో కట్టు. ఊపిరాడట్లేదంటుంది, వినకు. పడవెక్కే అరగంట ముందు వాంతుల మాత్ర, దానికి ముందు రెండు ఇడ్లీలు. ఖాళీ కడుపుతో ఎక్కించకు. బీపీ మందులు పెట్టెలో పడెయ్యకుండా చేతిసంచిలోనే ఉంచు. చేతిలో కొంత నగదు పెట్టుకో, దీవుల్లో అన్నిచోట్లా కార్డులు పనిచేయవు. అక్కడ పొద్దు మనకంటే ముప్పావుగంట ముందే వాలుతుంది. అయిదున్నరకల్లా చీకటి పడుతుందనుకుని పనులు పొద్దున్నే పెట్టుకో. మొసళ్ళున్నాయన్న బోర్డు ఉన్నచోట నీళ్ళలోకి దిగొద్దు. పగడం ముక్క ఒక్కటి కూడా ఏరి తేకు, అది నేరం.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇంకోటుంది. చెప్పకుండా తీసుకెళ్ళి సంతోషపెడతానన్నావు. వద్దు. మీ అమ్మని అడుగు. రేవు దాకా తీసుకెళ్ళి పడవ చూపించి ఎక్కమంటే నీ ముఖం చూసి కాదనలేక ఎక్కుతుంది, లోపల చస్తుంది. నువ్వు నోరు విప్పొద్దన్నావని ఇన్నాళ్ళూ దానికి చెప్పలేదు, ఇకమీదట దాచను. వచ్చే ఆదివారం తెనాలి రా. ముగ్గురం పొద్దున బండికి బాపట్ల వెళ్దాం. సూర్యలంకలో అది చాప మీంచి లేచి నీళ్ళ దాకా వస్తే ఫిబ్రవరి ప్రయాణం మాట అక్కడే అడుగు. రాకపోతే అండమాన్ మానుకుని అరకు తీసుకెళ్ళు, కొండలంటే దానికి ఇష్టం.

అది “అక్కయ్య వస్తే వస్తా” అంటుంది. వస్తున్నానని చెప్పు. మూడు టికెట్లు తియ్యి. రద్దు చేసినందుకు ఎంత పోయిందో రాయి, ఆ డబ్బు నేను పంపుతాను. నా ఆధార్ నకలు ఈ ఉత్తరంతోనే పెట్టాను.

ఇట్లు
మీ పెద్దమ్మ